ఇంటి మురుగుకాలువల రోగనిదానము



ఈ పూట నేను ప్రసంగింప నెంచిన విషయము ఇంటి మురుగుకాలువ. ప్రబంధములు పాఠము చెప్పిన పంతులకు మోరీల గొడవ యేల యని కొందరు నవ్వుకొనవచ్చును. కాని వంటయింటి శుచి యెంత ముఖ్యమో ఆ యింటి జలదారి శుచియు అంత ముఖ్యము. ఇంటిలోనికి వచ్చు నీటిని గూర్చి మనము ఎన్నో ప్రశ్నలు వేయుదుము. ఏ బావి నీరు? వడగట్టితిరా? కాచితిరా? అని అడుగుదుము. ఇంటినుండి వెడలు నీటిని గూర్చి మాత్రము ఒక్క ప్రశ్నయైనను వేయము. అది గడప దాటి కంటికి కనబడకుండ పోయిన చాలునని తలతుము. చిక్కంతయు అచ్చటనే పుట్టుచున్నది.

మురుగుకాలువ ఒక్క దినమున చెడదు. చెడుటకు పూర్వము నెలల తరబడి తన బాధను తనకు చేతనైన భాషలో చెప్పుకొనుచునే యుండును. ఆ భాష తెలిసిన పెద్ద యొకరు ఇంట నున్నచో స్వల్పవ్యయముతో పని తీరును. లేనిచో రెండు ఘోరములకు దారి యేర్పడును. మురుగు భూమిలోనికి దిగి త్రాగునీటి బావిని చేరుట మొదటిది. నిండి పొంగిన గోతిని శుభ్రము చేయుటకై పొట్టకూటికి వచ్చిన మనుష్యుడు అందులో దిగి ఊపిరాడక ప్రాణము విడుచుట రెండవది. ఈ రెంటిని తప్పించుట మన చేతిలోని పని యని మనవి చేయుటయే నా ప్రసంగోద్దేశము.

మనది ఓరుగల్లు. సంస్కృతమున దీనిని ఏకశిలానగరమందురు. పేరులోనే రాయి యున్నది. గణపతిదేవ చక్రవర్తి యారంభింపగా రుద్రమదేవి పూర్తిచేసిన రాతికోట, దానిని చుట్టిన అగడ్త, ఆవల మట్టికోట, నడుమ స్వయంభూదేవాలయ శిథిలములు, నాలుగు దిక్కుల కీర్తితోరణములు, వీని మధ్య నేటికిని మధ్యకోట, తూర్పుకోట, పడమరకోట యను పేళ్లతో జనులు కాపురములు చేయుచున్నారు. చూడవచ్చువారికి ఇది పురాతన స్థలము. మనకు ఇది ఇల్లు.

కాకతీయుల కాలమువారు నీటికి దారి చూపుటలో ఎంతటి ప్రజ్ఞావంతులో మీకు నేను చెప్పబనిలేదు. రామప్ప, పాకాల, లక్నవరము చెరువులు ఏడువందల యేండ్లు దాటినను పొలములకు నీరిచ్చుచున్నవి. చెరువునకు కట్ట యెంత ముఖ్యమో తూమును మత్తడియు అంత ముఖ్యములని వారెరిగిరి. నీరు వచ్చు దారి, నిలుచు చోటు, పోవు దారి, ఈ మూటిలో ఏ యొక్కటి చెడినను చెరువు చెడును. ఇంటి మురుగునకును ఇదే న్యాయము.

మన యిండ్లలో వాడిన నీరు సాధారణముగా రెండు దారుల పోవును. వంటయింటి నీరును స్నానపు నీరును జలదారి గుండ వీథిమోరీలో పడును. పాయఖానా నీరు గొట్టము గుండ సెప్టిక్ ట్యాంకులో పడును. ఈ ట్యాంకును ఒక చిన్న చెరువుగా భావింపుడు. లోనికి వచ్చిన మలినములో బరువైన భాగము అడుగునకు దిగి పూడిక యగును. తేలికయైన భాగము పైకి తేలి తెట్టెకట్టును. నడుమనున్న నీరు రెండవ యరలోనికి పోయి, అచ్చటనుండి మత్తడివంటి గొట్టము గుండ వెలికి వచ్చి ఇంకుడుగుంతను చేరవలెను. లోపల కంటికి కనబడని సూక్ష్మజీవులు ఆ మలినమును కొంతవరకు జీర్ణము చేయును. ఆ జీర్ణక్రియలో వాయువులు పుట్టును. అవి వెడలుటకే గాలిగొట్టము నిలుపుదురు. వరంగల్లు నగరమున భూగర్భ మురుగుకాలువలు వేయు యోచనకు 2024లో ప్రభుత్వానుమతి లభించినది. అది మన గడపవరకు వచ్చులోపల ఎవరి యింటి మురుగునకు వారే కాపరులు.

ఇక రోగలక్షణములకు వత్తము. వైద్యుడు రోగిని దర్శనము, స్పర్శనము, ప్రశ్నము అను మూడు విధముల పరీక్షింపవలెనని మన ఆయుర్వేదజ్ఞులు నియమించిరి. రోగము పూర్తిగా బయటపడుటకు ముందు కానవచ్చు గురుతులకు పూర్వరూపమనియు, బయటపడిన పిమ్మటివానికి రూపమనియు మాధవనిదానమున పేళ్లు కలవు. మురుగుకాలువ విషయమునను ఈ పద్ధతియే చక్కగా పనికివచ్చును. ఇందు మొదట చేయవలసినది ప్రశ్నము.

నీరు నెమ్మదిగా పోవుచున్నదని ఇంటివారు చెప్పినప్పుడు పెద్దలు అడుగవలసిన మొదటి మాట యిది: "ఒక్క చోటనా? అన్ని చోట్లనా?" వంటయింటి తొట్టిలో మాత్రమే నీరు నిలిచి, స్నానపుగదిలో చక్కగా పోవుచున్నచో రోగము ఆ యొక్క కొమ్మలోనే యున్నది. వంటయింట నైనచో చల్లారి పేరుకొనిన నూనె, గంజి, మెతుకులు కారణము. స్నానపుగదిలో నైనచో తలవెంట్రుకలు, సబ్బు ముద్దలు కారణము. వేడినీరు కుమ్మరించిన నూనె కరగును గాని కొంత దూరము పోయి మరల చల్లారి గట్టిపడును. కావున జాలి యెత్తి చేతితోనో తీగతోనో ఆ ముద్దను వెలికి తీయుటయే మంచి మందు. అన్ని చోట్లను ఒక్కమారే నీరు మందగించినచో రోగము కొమ్మలో లేదు, బోదెలో నున్నది. అనగా పెద్దగొట్టమునందో ట్యాంకునందో వెదకవలెను.

రెండవ ప్రశ్న: "ఎల్లప్పుడునా? వానపడినప్పుడు మాత్రమేనా?" ఎండకాలమునను వానకాలమునను ఒకే విధముగా నున్నచో దోషము మన యింటిది. వాన కురిసిన గంటలోపల జలదారి నీరు వెనుకకు తన్నుచున్నచో వీథిమోరీ నిండి మన గొట్టపు నోటిని ముంచుచున్నదని యర్థము. ఇది తెలియక ఇంటిలోని గొట్టములన్నియు పెరికి కొత్తవి వేయించి, మరుసటి వానకు మరల అదే బాధపడిన గృహస్థులను నేనెరుగుదును. వారి గొట్టమునకు ఏ దోషమును లేదు. వీథి రోడ్డు రెండు మారులు ఎత్తు చేయబడుటచే ఇంటి జలదారి పల్లమున పడినది. దానికి మందు జలదారి యెత్తును సరిచేయుటయు, మోరీ పూడిక తీయించుటయు.

మూడవ ప్రశ్న: "ఇది యెప్పటినుండి?" హఠాత్తుగా ఒక్క దినమున మూసుకొనిపోయినచో ఏదో వస్తువు అడ్డుపడినది. పిల్లలు వేసిన బొమ్మయో, గుడ్డయో, ప్లాస్టిక్ సంచియో కావచ్చును. నెలల తరబడి క్రమముగా మందగించినచో నూనెయో, పూడికయో, చెట్టు వేరో కారణమగును. వ్యాధి వచ్చిన వేగమునుబట్టి దాని జాతి తెలియును.

ప్రశ్నము ముగిసినది. ఇక చెవియు ముక్కును పనిచేయవలెను.

ఒకచోట బకెట్టెడు నీళ్లు కుమ్మరింపగా మరియొకచోట జాలిలో గుడగుడమని శబ్దమైనచో దానిని చిన్నదిగా నెంచకుడు. నీరు పోవుటకు గాలి తొలగవలెను. దారి ఇరుకైనప్పుడు ఆ గాలి పోవు దిక్కు లేక మరియొక రంధ్రము గుండ బుడగలుగా వెలికి వచ్చును. గాలిగొట్టమున పక్షి గూడు కట్టినను, పెద్దగొట్టము సగము పూడినను ఈ ధ్వని పుట్టును. నీరింకను పోవుచున్నదిగదా యని ఉపేక్షింతురు. ఇదియే పూర్వరూపము. ఈ దశలో మందు సులభము.

వాసన విషయము కొంత వివరింపవలెను. పాయఖానా పళ్లెము క్రిందను, జాలిల క్రిందను గొట్టము హంస మెడవలె వంకరగా నుండును. ఆ వంపులో సుమారు రెండంగుళముల నీరు ఎల్లప్పుడు నిలిచియుండి లోపలి దుర్వాసనకు తలుపు వేసినట్లు అడ్డుపడును. ఈ వంపును 1775లో గడియారములు చేయు అలెగ్జాండరు కమ్మింగు అను నతడు సీమదేశమున కల్పించి హక్కుపత్రము పొందెను. వేసవిలో ఇల్లు తాళము వేసి పదిదినములు ఊరికి పోయివచ్చినచో ఆ నీరు ఆవిరియై పోవును. తలుపు తెరచినంతనే కంపు కొట్టును. అప్పుడు మేస్త్రీకై పరుగెత్త నక్కరలేదు. ప్రతి జాలిలోను రెండు చెంబుల నీళ్లు పోసి ఒక గంట చూడుడు. వాసన పోయినచో అది రోగము కాదు, దాహము. పోనిచో గాలిగొట్టము మూసుకొనినదో, గొట్టము ఎచ్చటనో పగిలినదో విచారింపవలెను. మందిచ్చి రోగమును గుర్తించు ఈ విధమునకు ఆయుర్వేదమున ఉపశయమని పేరు.

ఇక దర్శనము. ఇంటి వెలుపల గొట్టము పోవు దారివెంట నెమ్మదిగా నడచి చూడుడు. మండువేసవిలో దొడ్డియంతయు ఎండియుండగా ఒక చోట మాత్రమే గడ్డి పచ్చగా నున్నదా? అచ్చట గొట్టము కారుచున్నది. నేల కొంచెము క్రుంగినదా? కారిన నీరు మట్టిని కోసికొనిపోవుచున్నది. గోడ యడుగున చెమ్మయెక్కి తెల్లని ఉప్పు పేరుకొనినదా? పునాదికి నీరు తగులుచున్నది. ఎలుక బొరియలు గొట్టము వద్దనే పుట్టుచున్నవా? అవి పగిలిన గొట్టమును త్రోవగా చేసికొనినవి. ఇంటిలో బొద్దింకలు హెచ్చినవా? సాయంకాలమున దోమలు తుట్టెలుగా లేచుచున్నవా? బోదకాలును వ్యాపింపజేయు క్యూలెక్సు జాతి దోమ మురికినీటిలోనే గ్రుడ్లు పెట్టును. ట్యాంకు మూతయందలి సందును, జల్లెడలేని గాలిగొట్టమును దానికి సింహద్వారములు. గాలిగొట్టపు కొనకు సన్నని తీగజల్లెడ కట్టించుటకు అయ్యెడి ఖర్చు చాల స్వల్పము.

గొట్టము దగ్గర రావి, మర్రి, వేప చెట్లున్నచో మరింత జాగ్రత్త వలయును. కోటగోడల రాళ్ల సందులలో రావిమొక్క మొలచి బండలను సయితము కదలించుట మనము నిత్యము చూచుచున్నాము. రాతికోటకే ఆ గతి యైనప్పుడు సిమెంటు గొట్టపు అతుకు లెంత? తేమను వెదకుకొనుచు వెంట్రుకవంటి వేరు సందులో దూరి, లోపల కుచ్చుగా పెరిగి, వచ్చిన చెత్తనెల్ల పట్టి యుంచును.

పిమ్మట స్పర్శనము, అనగా చేతితో పట్టి పరీక్షించుట. ఇంటికిని ట్యాంకునకును నడుమ మూతలుగల చిన్న గూళ్లుండును. వీనిని ఛాంబర్లందురు. కాలువకు గండి ఎచ్చట పడినదో తెలిసికొనుటకు రైతు కాలువగట్టు వెంబడి నడచునుగదా, అట్లే ఈ గూళ్లను వరుసగా తెరచి చూడవలెను. మూత తెరచునప్పుడు ముఖము దాని మీదికి వంచరాదు. ప్రక్కకు జరిగి కొంతసేపు గాలి పోనిచ్చి దూరమునుండి చూడవలెను. మొదటి గూడు ఖాళీగానుండి ఇంటిలో నీరు నిలిచినచో అడ్డు ఇంటికిని ఆ గూటికిని నడుమ నున్నది. మొదటిది నిండి రెండవది ఖాళీగా నున్నచో అడ్డు ఆ రెంటి నడుమ నున్నది. అన్నియు నిండియున్నచో తప్పు ట్యాంకుదో, దాని మత్తడి గొట్టముదో, ఇంకుడుగుంతదో యగును. ఈ పరీక్ష తెలిసినవాని ఇంట మేస్త్రీ అనవసరముగా నేల త్రవ్వడు.

గొట్టమునకు వాటము కూడ చూడవలెను. నాలుగంగుళముల గొట్టమునకు 40 అడుగుల పొడవున ఒక అడుగు, అనగా పది అడుగులకు మూడంగుళముల పల్లముండుట మంచిది. ఆరంగుళముల గొట్టమునకు 60 అడుగులకు ఒక అడుగు చాలును. వాటము లేని గొట్టమున నీరు నిలిచి మడ్డి దిగును. ఎన్నిమారులు శుభ్రముచేసినను రెండు నెలలకే మరల మూసుకొను గొట్టమునకు సాధారణముగా ఇదియే మూలకారణము. ఇట్టిచోట మందులు పోసి లాభము లేదు, గొట్టమును తిరిగి వేయవలసినదే.

మందులను గూర్చి ఒక హెచ్చరిక. యాసిడును బ్లీచింగు పొడిని ఒకచోట కలుపరాదు. ఆ రెండును కలిసినప్పుడు క్లోరిను అను విషవాయువు వెడలి ఊపిరితిత్తులను దహించును. మూసిన స్నానపుగదిలో అది ప్రాణాంతకము కాగలదు. యాసిడు, ఫినాయిలు వంటివి మితిమీరి పాయఖానాలో పోసినచో ట్యాంకులోని సూక్ష్మజీవులు చచ్చి జీర్ణక్రియ నిలిచిపోవును. అప్పుడు పూడిక త్వరగా పెరుగును.

ఇంతవరకు చెప్పినవి నోరుగల రోగములు. నోరులేని రోగ మొకటి కలదు. అన్నిటిలో అదియే భయంకరము. మా యెరుకలోని గృహస్థు ఒకరు తమ ట్యాంకు పదునెనిమిదేండ్లుగా ఒక్కమారైనను నిండలేదని గర్వముతో చెప్పుచుండెడివారు. దాని మత్తడి గొట్టమున ఒక్క చుక్కయు వచ్చినది లేదు. పెద్దలారా, చెరువులోనికి నిత్యము నీరు వచ్చుచుండగా మత్తడి దూకకయు, తూము విప్పకయు నున్నను చెరువు నిండలేదన్న దాని యర్థమేమి? అడుగున బుంగ పడినదని పసిపిల్లవాడైనను చెప్పును. ఆ ట్యాంకునకు అడుగున సిమెంటు లేదు. మలినమంతయు భూమిలోనికి దిగుచుండెను. వారి బావి పాతిక అడుగుల దూరమున నుండెను. ప్రతి వర్షాకాలమునను ఆ యింటి పిల్లలకు విరేచనములు పట్టుకొనుచుండెను. నీటిని పరీక్షింపగా మల మిశ్రమమైనట్లు తేలినది. నీటికి రంగు మారలేదు, వాసన లేదు, రుచి చెడలేదు. చూచుటకు స్ఫటికమువలె నుండెను.

మన నేలయొక్క స్వభావము ఈ యపాయమును హెచ్చించుచున్నది. పైన కొంత మట్టి, దాని క్రింద మొరము, దాని క్రింద రాయి. మట్టి మురుగును కొంత వడగట్టును. రాతి పగుళ్లు వడగట్టవు. పగులులో పడిన మురుగు గొట్టములో పోవునట్లు పరుగెత్తి దూరపు బావిలో ఊటయై తేలగలదు. ఇంకుడుగుంతకును త్రాగునీటి బావికిని 18 మీటర్లు, అనగా సుమారు 60 అడుగుల యెడ ముండవలెనని భారతీయ ప్రమాణములు విధించుచున్నవి. రాతినేలలో అంతకంటె ఎక్కువ యెడమున్న మరింత మేలు. గుంత బావికి ఎగువన నుండరాదు.

ఈ విషయమున లోకమునకు కనువిప్పు కలిగించిన సంగతి యొకటి వినుడు. 1854లో లండను నగరమున బ్రాడ్ వీథియం దొక చేతిపంపు ఉండెను. దాని నీరు రుచికి పేరుపడినది. ఆ సంవత్సరము ఆగస్టు చివర అచ్చట కలరా పుట్టి కొలది వారములలో ఆరువందలకు పైగా జనులు మరణించిరి. కలరా దుర్గంధమువలన వచ్చునని ఆనాటి విద్వాంసుల నమ్మకము. జాన్ స్నో యను వైద్యుడు మృతుల యిండ్లను లెక్కించి, వారిలో పెక్కుమంది ఆ పంపు నీరు త్రాగినవారని చూపెను. సెప్టెంబరు 8న పంపు పిడి తీసివేసిరి. తరువాత హెన్రీ వైట్‌హెడ్ అను మతగురువు ఇల్లిల్లు తిరిగి విచారింపగా, పంపునకు ఎదుటనున్న 40వ నంబరు ఇంట మొదట ఒక పసిబిడ్డకు జబ్బు చేసినట్లును, ఆ బిడ్డ గుడ్డలు ఉతికిన నీరు ఇంటి గోతిలో పోసినట్లును తెలిసినది. త్రవ్వి చూడగా ఆ గోతి యిటుకలు శిథిలమై మురుగు కారుచుండెను. గోతికిని బావికిని నడుమ దూరము మూడడుగులైన లేదు.  ఒక యింటి మురుగుగోతి పగులు వీథికి వీథినే స్మశానము గావించినది.

బావినీరు చెడినదో లేదో తెలిసికొనుటకు మన దేశమునందే సులభోపాయము పుట్టినది. గ్వాలియరునందలి మన శాస్త్రజ్ఞులు 1982లో ఒక చిన్న సీసా పరీక్షను ప్రకటించిరి. సీసాలోని మందుకాగితముపై బావినీరు పోసి మూతవేసి వెచ్చనిచోట ఉంచినచో, మలసంబంధమైన సూక్ష్మజీవు లున్నప్పుడు నీరు ఒకటి రెండు దినములలో నల్లబడును. ఈ పరీక్షను వర్షములకు ముందొకమారు, వర్షముల నడుమ నొకమారు చేయించుడు. నల్లబడినచో ఆ నీటిని కాచక త్రాగకుడు. బావిని శుద్ధిచేయించిన మాత్రాన ఊరకుండక, మురుగు వచ్చు మూలమును వెదకి కట్టుడు.

ఇక రెండవ ఘోరమును గూర్చి చెప్పవలెను. పాత బావులలో దిగుటకు ముందు మన పెద్దలు దీపము దింపి చూచెడివారు. దీపము ఆరినచో లోన చెడ్డగాలి యున్నదని దిగెడివారు కారు. బావికది మంచి పద్ధతియే. సెప్టిక్ ట్యాంకు విషయమున అది మృత్యువును పిలుచుటయే. అందు మీథేను అను మండెడి వాయువు ఉండును. నిప్పు చూపినంతనే భగ్గుమని పేలగలదు. కుళ్లిన గ్రుడ్ల కంపుకొట్టు హైడ్రోజన్ సల్ఫైడు అను వాయువు కూడ అందుండును. అది హెచ్చినప్పుడు మొదట ముక్కునందలి వాసనశక్తినే చంపును. కంపు తగ్గినదని మనుష్యుడు సంతోషించి దిగును. రెండు మూడు ఊపిరులలో స్పృహతప్పి పడును. అతనిని రక్షింప దిగిన తమ్ముడును, తమ్మునికై దిగిన పొరుగువాడును పడుదురు. ఒక్క గోతిలో ముగ్గురు నలుగురు మడిసిన వార్తలు ఎన్ని మారులు చదువలేదు?

2013లో చేసిన చట్టము రక్షణసాధనములు లేక మనుష్యునిచే సెప్టిక్ ట్యాంకులను మురుగుకాలువలను శుభ్రము చేయించుటను నిషేధించినది. ఈ నిషేధము సంస్థలకే గాక గృహస్థులకును వర్తించును. మొదటి తప్పునకు రెండేండ్లవరకు కారాగారమో, రెండు లక్షల రూపాయలవరకు జరిమానాయో, రెండునో విధింపవచ్చును. ఇట్టి మరణములకు 10 లక్షల పరిహారము చెల్లింపవలెనని 2014లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పి, 2023లో దానిని 30 లక్షలకు పెంచినది. చట్టమునకు భయపడియైనను మానుట మంచిదే. అయినను చట్టముకంటె ముందు ధర్మము కలదు. మన యింటి మలినమునకై మరియొక తల్లి బిడ్డ చావరాదు. తరతరములుగా ఒక వర్గమువారి నెత్తిన ఈ పని మోపి, వారినే అంటరాదని దూరముంచిన పాపము మనది. ఆ పాపమును ఇకనైనను పెంచుకొనకుందము.

మార్గమేమని యడుగుదురు. రెండు మూడేండ్లకొకమారు, లేదా పూడికయు తెట్టెయు ట్యాంకులో మూడవవంతు ఆక్రమించినప్పుడు, గొట్టముతో పీల్చుకొనిపోవు యంత్రపుబండిని పిలిపింపవలెను. చెరువు పూడికను ఏండ్లతరబడి తీయకున్న ఏమగునో మన రైతుల కెరుకయే. పొంగువరకు ఆగినచో మడ్డి గట్టిపడి గొట్టమునకు లొంగదు. అప్పుడే మనిషిని దింపుమను దుర్బుద్ధి పుట్టును. కావున సకాలమున బండిని పిలుచుటయే ప్రాణరక్షణము. మలవ్యర్థములను గూర్చి వరంగల్లు నగరపాలక సంస్థ 2016లో నియమావళి నేర్పరచినది. అమ్మవారిపేట వద్ద శుద్ధికేంద్రము కలదు. బండివాడు ఆ మడ్డిని చెరువులోనో పొలములోనో వదలక అచ్చటికే చేర్చునట్లు అడిగి తెలిసికొనుట గృహస్థుని విధి.

కోటలో నుండువారికి మరియొక మాట. రక్షిత కట్టడముల హద్దునుండి 100 మీటర్లు నిషిద్ధ ప్రదేశమనియు, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రదేశమనియు 2010లో చట్టము వచ్చినది. కావున కొత్తగా గోయి త్రవ్వ దలచినవారు మొదట పురావస్తుశాఖవారిని అడిగి సాగుట క్షేమము. త్రవ్వునప్పుడు చెక్కడపు రాయి బయల్పడినచో పని నిలిపి వారికి తెలుపుడు. పాత మెట్లబావులలోనికి ఇంటి మురుగు వదలుట కాకతీయుల కీర్తికిని, మన ఆరోగ్యమునకును ఒక్కమారే తూట్లు పొడుచుట.

ఒక్క యిల్లు బాగుపడిన చాలదు. 2020 ఆగస్టునను, 2023 జూలైలోను వరంగల్లు కాలనీలు నీట మునిగినప్పుడు నాలాలను ఆక్రమించి కట్టిన కట్టడముల మాట అందరి నోట వినబడినది. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచిన పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వరదరక్షణతోబాటు నగరపు మురుగు పారుదలను గూర్చియు యోచన సిద్ధపరచిరి. వరదనీటి దారియు మురుగునీటి దారియు కూడ చూచిననే ఊరు నిలుచునని ఆ మహాశిల్పి తలంపు. మన వీథిలో ఒక్కరు మోరీపై అరుగు కట్టినను ఎగువనున్న పదియిండ్ల జలదారులు వెనుకకు తన్నును. అట్టివారికి నచ్చజెప్పుట పెద్దల వలననే కావలెను.

ఏటేట రోహిణికార్తెలో, మృగశిర రాకముందే, ఒక ఉదయము దీనికై కేటాయింపుడు. ఇంటివారిని అడుగవలసినవి అడుగుడు. గొట్టము దారివెంట నడువుడు. గూళ్ల మూతలు తీయించి చూడుడు. గాలిగొట్టపు జల్లెడ సరిచూడుడు. బావినీటిని పరీక్ష చేయింపుడు. ట్యాంకు పూడిక తీయించిన తేదీని ఇంటి లెక్కలపుస్తకమున వ్రాసి యుంచుడు. ఏండ్లు గడచినను నిండని ట్యాంకు ఉన్నచో దానిని మొదట అనుమానింపుడు. గోటితో పోవుదానికి గొడ్డలి యేల యని మన సామెత. ఇచ్చట గొడ్డలిదెబ్బ తగులునది మన కాదు, త్రాగునీటి బావికిని గోతిలో దిగిన నిరుపేదకును. వారి నిద్దరిని కాపాడగల గోరు మీ చేతనే యున్నది.